యుద్ధ నష్టపరిహారాలు: గెలిచిన, ఓడిన దేశాల ఆర్థిక వ్యవస్థలపై ప్రభావం

యుద్ధంలో ఓడిన దేశం గెలిచిన దేశానికి చెల్లించే సొమ్ము, సరుకు, సేవలను యుద్ధ నష్టపరిహారం అంటారు. ఎంత చెల్లించాలి, ఎన్ని వాయిదాల్లో చెల్లించాలి, హామీగా ఏది ఉంచాలి అన్న వివరాలను సాధారణంగా శాంతి ఒప్పందంలోనే రాసుకుంటారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో రోమ్, కార్తేజ్‌ల మధ్య కుదిరిన ఒప్పందాలు మొదలుకొని 2022లో ముగిసిన ఇరాక్ చెల్లింపుల దాకా దీనికి సుదీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలిస్తే, ఒప్పందంలో రాసిన అంకె ఎంత పెద్దదన్నదానికంటే అది ఏ రూపంలో, ఎవరి అప్పుతో, ఎంత గడువులో చేతులు మారిందన్నదే ఉభయ దేశాల ఆర్థిక స్థితిని ఎక్కువగా మలిచిందని తెలుస్తుంది.

అర్థం, రకాలు

పూర్వకాలంలో విజేత వసూలు చేసిన సొమ్ము కప్పం వంటిది. గెలిచినవాడి బలమే దానికి ఆధారం, యుద్ధ ఖర్చే దానికి లెక్క. దేశం చేసిన తప్పుకు ఆ దేశమే నష్టం పూడ్చాలన్న ఆలోచన అంతర్జాతీయ చట్టంలోకి వచ్చింది తర్వాతే. యుద్ధ నియమాలను ఉల్లంఘించిన పక్షం పరిహారం చెల్లించాలని 1907 నాటి నాలుగో హేగ్ ఒప్పందం 3వ అధికరణం చెబుతుంది. సైనికులు దోచుకున్న కొల్లసొమ్ము పరిహారం కిందికి రాదు.

చెల్లింపు రకరకాలుగా ఉంటుంది. బంగారం, వెండి, విదేశీ కరెన్సీ ఒక రకం. బొగ్గు, ఓడలు, యంత్రాల వంటి సరుకులు మరో రకం. ఫ్యాక్టరీలను విప్పి తరలించుకుపోవడం, యుద్ధ ఖైదీలతో పని చేయించుకోవడం, సొమ్ముకు బదులు భూభాగం రాయించుకోవడం కూడా చరిత్రలో ఉన్నాయి.

సొమ్ము సరిహద్దు దాటే తీరు

పరిహారం చెల్లించే ప్రభుత్వం ముందు రెండు పనులుంటాయి. మొదటిది, తన ప్రజల నుంచి సొమ్ము సేకరించడం. పన్నులు పెంచాలి, ఖర్చు తగ్గించాలి, అప్పు చేయాలి. ఏదీ కుదరకపోతే నోట్లు ముద్రించాలి. రెండోది, అలా కూడిన సొమ్మును ఎదుటి దేశం పుచ్చుకునే కరెన్సీలోకి మార్చడం. విదేశీ కరెన్సీ కావాలంటే ఎగుమతులు దిగుమతులను మించాలి, లేదా బయట అప్పు పుట్టాలి. అంటే పరిహారం చివరికి సరుకుల రూపంలోనే సరిహద్దు దాటుతుంది. గెలిచిన దేశం ఆ సరుకులను రానిస్తే దాని పరిశ్రమలకు పోటీ ఎదురవుతుంది. సుంకాలు పెంచి అడ్డుకుంటే ఓడిన దేశానికి చెల్లించే దారి మూసుకుపోతుంది.

అర్థశాస్త్రంలో దీన్ని బదిలీ సమస్య అంటారు. 1929లో ఎకనమిక్ జర్నల్ పత్రికలో జాన్ మేనార్డ్ కీన్స్, బెర్టిల్ ఓలీన్ దీనిపై వాదించుకున్నారు. ఎగుమతులు పెంచుకోవడానికి జర్మనీ తన కూలి రేట్లను, ధరలను తగ్గించుకోవాలని, కాబట్టి అసలు పరిహారం మీద అదొక అదనపు భారమని కీన్స్ వాదించారు. కొనుగోలు శక్తి జర్మనీలో తగ్గి పుచ్చుకునే దేశంలో పెరుగుతుంది గనుక ధరలు అంతగా పడకుండానే సర్దుబాటు జరుగుతుందని ఓలీన్ జవాబిచ్చారు. అంతర్జాతీయ వాణిజ్య సిద్ధాంతంలో ఈ చర్చకు నేటికీ స్థానముంది.

రోమ్, కార్తేజ్

మొదటి ప్యూనిక్ యుద్ధం క్రీ.పూ. 241లో ముగిసినప్పుడు కార్తేజ్ 3,200 టాలెంట్ల వెండి చెల్లించడానికి ఒప్పుకుంది. టాలెంట్ అంటే సుమారు 26 కిలోలు. ఖజానా ఖాళీ కావడంతో జీతం బాకీ పడ్డ కిరాయి సైనికులు కార్తేజ్ మీదనే తిరగబడ్డారు. రెండో యుద్ధం తర్వాత క్రీ.పూ. 201లో 10,000 టాలెంట్లను 50 ఏళ్ల వాయిదాల్లో కట్టాలని రోమ్ విధించింది. వ్యవసాయం, వర్తకంతో త్వరగానే కోలుకున్న కార్తేజ్ క్రీ.పూ. 191లో మిగిలిన బాకీ మొత్తం ఒకేసారి కట్టేస్తామంటే రోమ్ ఒప్పుకోలేదు. బాకీ ఉన్నంత కాలం ఎదుటివాడు చెప్పుచేతల్లో ఉంటాడన్నది దాని లెక్క. గ్రీకు, ఆసియా రాజ్యాల నుంచి కూడా ఇలాగే పరిహారాలు, కొల్లసొమ్ము వచ్చిపడ్డాయి. మాసిడోనియా ఓటమి తర్వాత, క్రీ.పూ. 167 నుంచి, రోమన్ పౌరుల మీద యుద్ధ పన్ను వసూలు ఆగిపోయింది.

భారతదేశంలో పరిహార ఒప్పందాలు

మూడో మైసూరు యుద్ధం ముగింపులో 1792లో జరిగిన శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాన్ 3 కోట్ల 30 లక్షల రూపాయలు చెల్లించాలి, రాజ్యంలో దాదాపు సగం వదులుకోవాలి. సొమ్ము ముట్టేదాకా తన ఇద్దరు కొడుకులను ఈస్టిండియా కంపెనీ దగ్గర బందీలుగా ఉంచాల్సి వచ్చింది. భూభాగాన్ని కంపెనీ, మరాఠాలు, హైదరాబాద్ నిజాం పంచుకున్నారు. కడప ప్రాంతం నిజాం వాటాకు వచ్చింది. 1799లో టిప్పు మరణించాక మైసూరు నుంచి మరికొంత భూభాగం నిజాంకు దక్కింది. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో ఈ రెండు విడతల భూములనూ కంపెనీకే రాసిచ్చాడు. అవే దత్త మండలాలు. ఇప్పటి రాయలసీమలో ఎక్కువ భాగం, బళ్లారి అలా బ్రిటిష్ పాలనలోకి వెళ్లాయి. థామస్ మన్రో అక్కడ కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు.

మొదటి సిక్కు యుద్ధం తర్వాత 1846 మార్చిలో లాహోర్ ఒప్పందం కోటిన్నర రూపాయలు విధించింది. అంత సొమ్ము సిక్కు దర్బారు దగ్గర లేకపోవడంతో కోటి రూపాయలకు బదులుగా కాశ్మీరుతో సహా కొండ ప్రాంతాలను కంపెనీ తీసుకుంది. వారం తిరగకుండానే అమృత్‌సర్ ఒప్పందంతో కాశ్మీరును 75 లక్షలకు జమ్మూ రాజు గులాబ్ సింగ్‌కు ఇచ్చేసింది. సొమ్ము ఇచ్చుకోలేనివాడి దగ్గర భూమి రాయించుకోవడం కంపెనీ రాజకీయంలో మామూలు ఎత్తుగడ.

1871: ఫ్రాన్స్ చెల్లింపు, జర్మనీ పతనం

ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధాన్ని ముగించిన ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందం (10 మే 1871) ఫ్రాన్స్ మీద 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం మోపింది. ఆల్సేస్‌తో పాటు లోరేన్‌లో కొంత భాగాన్నీ జర్మనీ కలుపుకుంది. బాకీ తీరేదాకా ఫ్రెంచి నేల మీద జర్మన్ సైన్యం ఉండాలన్నది షరతు. ఫ్రాన్స్ చాలా ఏళ్లపాటు లేవలేదని అనుకున్నారు. కానీ 1873 సెప్టెంబరుకే మొత్తం చెల్లించి సైన్యాన్ని సాగనంపింది.

దీనికి అధ్యక్షుడు తియేర్ ప్రభుత్వం 1871లో 200 కోట్లకు, 1872లో 300 కోట్లకు రుణపత్రాలు అమ్మింది. రెండో రుణానికి అడిగినదానికి పది రెట్లకు మించి దరఖాస్తులు వచ్చాయి. ఫ్రెంచి మధ్యతరగతి అంతకుముందు కొని పెట్టుకున్న విదేశీ బాండ్లను అమ్మి, దేశ రుణపత్రాలు కొంది. ఆ అమ్మకం వల్లనే విదేశీ కరెన్సీ సమకూరింది. సొమ్ములో ఐదింట నాలుగు వంతులు లండన్, హాంబర్గ్, ఆమ్‌స్టర్‌డామ్ వంటి నగరాల మీద రాసిన వర్తక హుండీల రూపంలో వెళ్లింది. ఫ్రెంచి బంగారు, వెండి నాణేలుగా కదిలింది 51 కోట్ల ఫ్రాంకులు మాత్రమే. నోట్ల ముద్రణ అదుపు తప్పలేదు, ఫ్రాంకు విలువ పెద్దగా పడలేదు.

జర్మనీలో కథ వేరుగా నడిచింది. కొత్త సామ్రాజ్యం ఈ సొమ్ముతో బంగారు మార్కును ప్రవేశపెట్టింది, కోటలు కట్టింది, 12 కోట్ల మార్కుల బంగారు నాణేలను బెర్లిన్ దగ్గరి స్పాండావు కోట బురుజులో యుద్ధనిధిగా దాచింది. రాష్ట్రాల పాత అప్పులను గడువుకు ముందే తీర్చేయడంతో ఆ సొమ్ము చేతికొచ్చినవారు స్టాక్ మార్కెట్ వైపు పరుగెత్తారు. రైలు కంపెనీలు, బ్యాంకులు, గృహ నిర్మాణ సంస్థలు కుప్పలు తెప్పలుగా పుట్టాయి. 1873 మేలో వియన్నా మార్కెట్, శరదృతువులో బెర్లిన్ మార్కెట్ కుప్పకూలాయి. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు జర్మన్ పరిశ్రమ ధరల పతనంతో సతమతమైంది. పతనానికి అమెరికా రైల్వే పెట్టుబడుల వంటి ఇతర కారణాలూ ఉన్నా, ఊరికే వచ్చిన సొమ్ము సట్టా వ్యాపారాన్ని రాజేసిందన్నది చరిత్రకారులు సాధారణంగా ఒప్పుకునే మాట.

చైనా, జపాన్

చైనా–జపాన్ యుద్ధాన్ని ముగించిన 1895 నాటి షిమొనొసెకి ఒప్పందం ప్రకారం చైనా జపాన్‌కు 20 కోట్ల టేల్‌ల (టేల్ చైనా తూకపు కొలత) వెండి, లియావోదొంగ్ ద్వీపకల్పం తిరిగి పొందినందుకు మరో 3 కోట్లు ఇచ్చింది. ఇది జపాన్ ప్రభుత్వపు ఏడాది ఆదాయానికి కొన్ని రెట్లు. లండన్‌లో పౌండ్లుగా పుచ్చుకున్న ఈ సొమ్ము ఆసరాతో జపాన్ 1897లో బంగారు ప్రమాణానికి మారింది. అత్యధిక భాగం సైన్యానికి, నౌకాదళానికి పోగా, కొంత 1901లో ఉత్పత్తి ప్రారంభించిన యవాటా ఉక్కు కర్మాగారానికి వెళ్లింది. పరిహారం విజేతకు నిలకడైన లాభం చేకూర్చిన అరుదైన ఉదాహరణల్లో ఇదొకటి. కానీ 1905లో రష్యాను ఓడించినప్పుడు పోర్ట్స్‌మత్ ఒప్పందంలో జపాన్‌కు పరిహారమే దక్కలేదు. ఆ యుద్ధాన్ని విదేశీ అప్పులతో నడిపిన జపాన్ ఆ భారాన్ని తానే మోయాల్సి వచ్చింది. ఆశలు అడియాసలైన జనం టోక్యోలోని హిబియా పార్కు దగ్గర అల్లర్లకు దిగారు.

చైనా బాకీలు పెరుగుతూ పోయాయి. బాక్సర్ తిరుగుబాటు తర్వాత 1901లో ఎనిమిది దేశాల కూటమితో పాటు మరికొన్ని దేశాలు 45 కోట్ల టేల్‌లు విధించాయి. 39 ఏళ్ల గడువు, 4 శాతం వడ్డీ కలిపితే అది 98 కోట్లు దాటింది. సముద్ర సుంకాలు, ఉప్పు పన్ను హామీ కింద పోవడంతో ప్రభుత్వానికి నమ్మకమైన ఆదాయమంటూ మిగలలేదు. అమెరికా 1908 నుంచి తన వాటాలో కొంత తిరిగిచ్చి విద్యకు కేటాయించింది. బీజింగ్‌లోని త్సింగ్‌హువా విశ్వవిద్యాలయం పుట్టింది ఆ సొమ్ముతోనే.

వెర్సాయ్ పరిహారం

1919 జూన్ 28న కుదిరిన వెర్సాయ్ ఒప్పందం 231వ అధికరణంలో యుద్ధ నష్టాలకు జర్మనీని, దాని మిత్రదేశాలను బాధ్యులను చేసింది. 1921 మేలో లండన్‌లో అంకె తేలింది: 13,200 కోట్ల బంగారు మార్కులు. ఇందులో 5,000 కోట్లే నిజంగా వసూలు చేయదలచిన భాగం. మిగిలిన 8,200 కోట్ల ‘సి’ బాండ్లు గెలిచిన దేశాల ఓటర్లను తృప్తిపరచడానికే ఎక్కువగా పనికొచ్చాయి. జర్మనీ ఏటా 200 కోట్ల మార్కులు, ఎగుమతుల విలువలో 26 శాతం ఇవ్వాలి. బ్రిటిష్ ట్రెజరీ ప్రతినిధిగా పారిస్ చర్చల్లో ఉండి రాజీనామా చేసిన కీన్స్, జర్మనీ మొత్తం మీద 200 కోట్ల పౌండ్లకు మించి ఇవ్వలేదని 1919లోనే రాశారు.

సరుకుల చెల్లింపులో టెలిగ్రాఫ్ స్తంభాలు, బొగ్గు అనుకున్నంత అందలేదని ప్రకటించి, 1923 జనవరి 11న ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్ గనుల ప్రాంతాన్ని ఆక్రమించాయి. నిరసనగా పని మానేసిన కార్మికులకు జర్మన్ ప్రభుత్వం నోట్లు ముద్రించి జీతాలిచ్చింది. యుద్ధకాలపు అప్పులతో అప్పటికే దిగజారిన మార్కు పూర్తిగా చితికిపోయింది. 1923 నవంబరులో ఒక డాలరుకు 4,20,000 కోట్ల మార్కులు పలికాయి. జీవితకాలపు పొదుపు ట్రాము టిక్కెట్టుకు కూడా చాలకుండా పోయింది. అప్పులున్నవారు బయటపడ్డారు, బ్యాంకులో దాచుకున్నవారు, పింఛను మీద బతికేవారు మునిగిపోయారు. రాజకీయంగా ఆ మధ్యతరగతి కోపం ఆ తర్వాత తీవ్రవాద పక్షాలకు ఊతమైంది.

1924 నాటి డాస్ ప్రణాళిక వాయిదాలను తగ్గించి 80 కోట్ల బంగారు మార్కుల అప్పు ఇప్పించింది. అక్కడినుంచి ఒక చక్రం తిరగడం మొదలైంది. అమెరికా మదుపరులు జర్మనీకి అప్పిచ్చారు. జర్మనీ ఫ్రాన్స్, బ్రిటన్‌లకు పరిహారం కట్టింది. అవి తమ యుద్ధ రుణాల వాయిదాగా అమెరికా ప్రభుత్వానికి కట్టాయి. 1929 నాటి యంగ్ ప్రణాళిక బాకీని 1988 దాకా పొడిగించింది. వాయిదాల నిర్వహణకు 1930లో బాసెల్ నగరంలో అంతర్జాతీయ చెల్లింపుల బ్యాంకు ఏర్పడింది. 1929 తర్వాత అమెరికా అప్పులు ఆగిపోగానే చక్రమూ ఆగింది. 1931లో అధ్యక్షుడు హూవర్ ఏడాది విరామం ప్రకటించారు. 1932లో లొజాన్ సమావేశం పరిహారానికి తెరదించింది. పరిహార సంఘం లెక్కలో జర్మనీ అప్పటికి సుమారు 2,000 కోట్ల బంగారు మార్కులే చెల్లించింది. జర్మనీ తన లెక్కలో దీనికి మూడు రెట్లకు పైగా చూపించింది.

గెలిచినవారికీ ఇందులో నష్టం తప్పలేదు. జర్మనీ నుంచి ఫ్రాన్స్, ఇటలీలకు వచ్చిన పరిహారపు బొగ్గు బ్రిటిష్ బొగ్గుకు గిరాకీ తగ్గించింది. రూర్ గనులు మూతబడిన 1923లో బ్రిటిష్ బొగ్గు ఎగుమతులు ఒక్కసారిగా పుంజుకుని, గనులు తెరుచుకోగానే మళ్లీ పడిపోయాయి. జర్మనీ దగ్గర తీసుకున్న వర్తక నౌకలను చౌకగా అమ్మేయడంతో బ్రిటిష్ నౌకా నిర్మాణ కేంద్రాలకు పని కరువైంది. పాత ఓడలు పోగొట్టుకున్న జర్మనీ మాత్రం కొత్త నౌకలు కట్టుకుంది.

అసలు జర్మనీకి చెల్లించే శక్తి లేదా, ఇష్టం లేదా అన్న వాదన ఇంకా తెగలేదు. 1930లలో ఆయుధాల మీద హిట్లర్ పెట్టిన ఖర్చును చూపి, ఎటియెన్ మాంటూ అనే ఫ్రెంచి ఆర్థికవేత్త కీన్స్‌ను ఖండించారు. తర్వాత ఎగవేసిన అప్పులను లెక్కలోకి తీసుకుంటే అమెరికాయే జర్మనీకి పరిహారమిచ్చినట్లయిందని స్టీఫెన్ షూకర్ వాదించారు. ఆ కాలపు బాండ్ల మీద చివరి వాయిదాను జర్మనీ 2010 అక్టోబరు 3న చెల్లించింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత: రెండు జర్మనీలు

1945లో పోట్స్‌డామ్‌లో మిత్రదేశాలు నగదు జోలికి పోకుండా యంత్రాలు, సరుకుల రూపంలో పరిహారం తీసుకోవాలనుకున్నాయి. సోవియట్ ప్రాంతంలో కర్మాగారాలను విప్పి తరలించారు, రెండో రైలు పట్టాలను ఊడదీశారు, మిగిలిన పెద్ద ఫ్యాక్టరీలను సోవియట్ కంపెనీలుగా మార్చి ఉత్పత్తిని తీసుకుపోయారు. 1954 జనవరి 1 నుంచి ఇది ఆగింది. విప్పిన యంత్రాల్లో కొన్ని సోవియట్ రైల్వే స్టేషన్లలో వర్షానికి తుప్పు పట్టాయి కాబట్టి పుచ్చుకున్నవారికి దక్కింది పోగొట్టుకున్నవారి నష్టం కంటే తక్కువ. పశ్చిమ జర్మనీలో విప్పడం క్రమంగా ఆగిపోయి, 1948 నుంచి మార్షల్ ప్రణాళిక సాయం రావడం మొదలైంది. 1953 నాటి లండన్ రుణ ఒప్పందం పాత అప్పుల్లో దాదాపు సగం మాఫీ చేసి, పరిహారపు ప్రశ్నను తుది శాంతి ఒప్పందం దాకా వాయిదా వేసింది. గ్రీస్, పోలండ్ ఇప్పటికీ ఈ విషయాన్ని లేవనెత్తుతూనే ఉన్నాయి.

ఫిన్లాండ్

సోవియట్ యూనియన్‌కు ఫిన్లాండ్ 30 కోట్ల డాలర్ల సరుకులు ఇవ్వాలని 1944 యుద్ధ విరమణ ఒప్పందం విధించింది. లెక్క 1938 ధరల్లో కట్టారు. సరుకు ఆలస్యమైతే నెలకు 5 శాతం జరిమానా. దేశంలో ఉన్నది కలప, కాగితం పరిశ్రమ. సోవియట్‌లు అడిగినదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు ఓడలు, యంత్రాలు, కేబుళ్లు. అప్పటికి ఫిన్లాండ్ కరేలియా నుంచి వచ్చిన నాలుగు లక్షల మందికి పైగా నిర్వాసితులకు ఇళ్లూ భూములూ చూపించే పనిలో ఉంది. పరిహారం కోసం ప్రత్యేక సంస్థను పెట్టి ప్రతి ఆర్డరునూ కర్మాగారాలకు పంచింది, నౌకా కేంద్రాలను, లోహ పరిశ్రమను విస్తరించింది. 1948లో సోవియట్ యూనియన్ బాకీని 22.65 కోట్లకు తగ్గించింది. హెల్సింకి ఒలింపిక్స్ జరిగిన 1952లోనే ఫిన్లాండ్ చివరి సరుకు పంపింది. పరిహారం కోసం పెరిగిన పరిశ్రమకు ఆ తర్వాత సోవియట్ యూనియనే పెద్ద కొనుగోలుదారైంది. అయితే ఆ సంవత్సరాల్లో ప్రజలు వాడుకోవాల్సిన సరుకే తూర్పుకు వెళ్లిందన్నదీ నిజం.

జపాన్, ఆసియా దేశాలు

1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం జపాన్ తన ప్రజల సేవల రూపంలో పరిహారమిచ్చే వీలు కల్పించింది. ఆ తర్వాత జపాన్ బర్మాకు 20 కోట్ల డాలర్లు, ఫిలిప్పీన్స్‌కు 55 కోట్లు, ఇండోనేషియాకు 22 కోట్లకు పైగా చెల్లించడానికి ఒప్పందాలు చేసుకుంది. చెల్లింపు జపాన్‌లో తయారైన యంత్రాలు, ఓడలు, ఇంజినీర్ల సేవల ద్వారా జరిగింది. బర్మాలోని బలూచాంగ్ జలవిద్యుత్ కేంద్రం అలా కట్టిందే. పుచ్చుకున్న దేశాలకు విద్యుత్తు, రోడ్లు దక్కాయి. జపాన్ కంపెనీలకు ఆగ్నేయాసియా మార్కెట్ తెరుచుకుంది. భారత్ శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో చేరకుండా 1952 జూన్‌లో జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని, పరిహార హక్కులన్నీ వదులుకుంది.

ఇరాక్

కువైట్ ఆక్రమణకు ఇరాక్ బాధ్యత వహించాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1991 ఏప్రిల్‌లో 687వ తీర్మానం చేసింది. జెనీవాలో పరిహార కమిషన్ ఏర్పడింది. ఇరాక్ చమురు ఆదాయంలో మొదట 30 శాతం, 2000 నుంచి 25 శాతం, 2003 తర్వాత 5 శాతం దీనికి మళ్లింది. 27 లక్షల దరఖాస్తులు 35,250 కోట్ల డాలర్లు కోరితే, 15 లక్షల మందికి 5,240 కోట్లు మంజూరయ్యాయి. అతిపెద్ద మొత్తం, 1,470 కోట్లు, కువైట్ పెట్రోలియం సంస్థకు దక్కింది.

ఈ విధానంలో కొత్త సంగతి, ప్రభుత్వాల కంటే ముందు మామూలు మనుషులకు చెల్లించడం. ఉద్యోగం, సామాను వదిలి పారిపోయి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 లేదా 8,000 డాలర్లు నిర్ణయించారు. 1990లో కువైట్ నుంచి తిరిగివచ్చిన భారతీయ కార్మికులు కూడా దీనికి అర్హులయ్యారు. వెనక్కి వచ్చినవారిలో కడప, గోదావరి జిల్లాల వారూ ఉన్నారు. మరోవైపు, ఆంక్షల కింద నలిగిన ఇరాక్‌లో ఆహారం, మందుల ఖర్చుకు పోవాల్సిన చమురు సొమ్ములోంచే ఈ కోత పడింది. చివరి వాయిదా 2022 జనవరిలో ముట్టింది.

ఫలితాల సమీక్ష

ఓడిన దేశాల విషయంలో మూడు అంశాలు ఫలితాన్ని నిర్ణయించాయి. మొదటిది పరపతి: 1871లో ఫ్రాన్స్‌కు అప్పు పుట్టింది, 1921లో జర్మనీకి పుట్టలేదు. రెండోది పన్నులు వేయగల ప్రభుత్వ బలం: అది లేనిచోట నోట్ల ముద్రణ, చైనాలోలా ఆదాయాల తాకట్టు మిగిలాయి. మూడోది ఎగుమతులకు మార్కెట్: ఫిన్లాండ్ సరుకును పుచ్చుకునేవాడే రుణదాత కాబట్టి బదిలీ సమస్య రాలేదు.

గెలిచిన దేశాల్లో సొమ్మును ఫ్యాక్టరీలు, కరెన్సీ స్థిరత్వం కోసం వాడుకున్నవి కొంత లాభపడ్డాయి. బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి పరిహారం మీద ఆశ పెట్టుకున్నవి తమ పన్నుల సంస్కరణను వాయిదా వేసుకున్నాయి. 1920లలో ఫ్రాన్స్ యుద్ధశిథిల ప్రాంతాల పునర్నిర్మాణానికి ఈ ఆశతోనే అప్పులు చేసింది. సొమ్ము రాకపోవడంతో ఫ్రాంకు 1926 నాటికి బాగా దిగజారింది. చౌకగా వచ్చే సరుకు స్థానిక కార్మికుల పని లాక్కుంటుందన్నది బ్రిటిష్ బొగ్గు గనులు నేర్పిన పాఠం.

ప్రస్తుత స్థితి

2022లో ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దాడి తర్వాత పాశ్చాత్య దేశాలు సుమారు 30,000 కోట్ల డాలర్ల రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులను స్తంభింపజేశాయి. ఇందులో పెద్ద భాగం బ్రస్సెల్స్‌లోని యూరోక్లియర్ సంస్థలో ఉంది. 2023 మేలో యూరప్ మండలి ఆధ్వర్యంలో ఉక్రెయిన్ నష్టాల నమోదు పుస్తకం ఏర్పడింది. దాని కార్యాలయం హేగ్‌లో ఉంది. 2024లో జి-7 దేశాలు ఆ ఆస్తుల మీద వచ్చే లాభాల హామీతో ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల డాలర్ల రుణానికి అంగీకరించాయి. యుద్ధం తేలకముందే ఒక పక్షం సొమ్మును పట్టి ఉంచి పరిహారం వసూలు చేయాలన్న ఈ ప్రయత్నానికి పాత శాంతి ఒప్పందాల్లో సరిసమానమైన పూర్వోదాహరణ లేదు.